గ్యాస్ మాత్ర వెంట బలం మాత్ర: ఛాతీమంట రోగులకు ఏ విటమిన్లు, ఏ ఖనిజాలు అవసరం?

సంతకు వెళ్ళిన రోజున మందుల షాపు నుండి రెండు అట్టలు కొనుక్కుని రావడం మన సరిహద్దు పల్లెలలో చాలా కుటుంబాలకు అలవాటు. ఒకటి గ్యాస్ మాత్రల అట్ట. రెండవది దానికి తోడుగా షాపువారు చేతిలో పెట్టే బీకాంప్లెక్స్ అట్ట, లేదా వాడుకలో "బలం మాత్రలు" అనబడే మరొకటి. పావగడలో కొన్నా, హోసూరులో కొన్నా, పర్లాకిమిడిలోనో సిరొంచలోనో కొన్నా ఈ జంట మాత్రం మారదు. మొదటి మాత్ర ఎందుకో వేసుకునేవారికి తెలుసు. రొమ్ములో మంట, పుల్లటి త్రేన్పులు, రాత్రివేళ గొంతులోకి ఎగదన్నే పులినీళ్ళు దానితో తగ్గుతాయి. రెండవది ఎందుకని అడిగితే "నీరసంగా ఉంటోంది, అందుకని" అంటారు.

ఆ నీరసం ఎక్కడిది? గ్యాస్ మాత్రకూ దానికీ ఏమైనా సంబంధమున్నదా? ఉంటే ఆ రంగు రంగుల బలం మాత్ర దానిని తీర్చగలదా? ఈ ప్రశ్నలకు వైద్యశాస్త్రం చెబుతున్న సమాధానాలను ఇక్కడ వివరిస్తున్నాము.

ముందుగానే ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. ఛాతీమంటను నయం చేసే విటమిను గాని, ఖనిజ లవణం గాని ఇంతవరకు నిర్ధారణ కాలేదు. అయితే ఛాతీమంటకు వాడే మందు ఏళ్ళ తరబడి సాగినప్పుడు కొన్ని పోషకాలు ఒంటికి పట్టడం తగ్గుతుంది. ఆ లోటు ఏమిటో పరీక్షలో తేల్చుకొని దానిని మాత్రమే పూడ్చుకొన్నవారికి నీరసం, తిమ్మిర్లు, కొంకర్లు వంటి బాధలు తగ్గుతాయి. తేల్చుకోకుండా అన్నీ మింగినవారికి డబ్బు పోవడమే గాక ఒక్కొక్కసారి మంట మరింత పెరుగుతుంది.

పొట్టలో ఆమ్లం ఎందుకు?

మనం తిన్న ఆహారం అన్నవాహిక గుండా జీర్ణాశయంలోకి చేరుతుంది. ఆ రెండింటి నడుమ కండరంతో ఏర్పడిన వలయం ఒకటి తలుపువలె పనిచేస్తుంది. అది వదులైనా, వేళగాని వేళ తెరుచుకున్నా జీర్ణాశయంలోని హైడ్రోక్లోరికామ్లం పైకి ఎగదన్ని అన్నవాహిక లోపలి పొరను కాలుస్తుంది. ఊబకాయం, గర్భం, పొగాకు, కడుపు పగిలేలా తిని వెంటనే పడుకోవడం ఈ తలుపును బలహీనపరిచే కారణాలలో ముఖ్యమైనవి.

ఆమ్లం కేవలం బాధపెట్టడానికి పుట్టినది కాదు. మాంసం, గుడ్డు, పాలలోని మాంసకృత్తులకు అంటిపెట్టుకొని ఉండే విటమిన్ బి12ను విడదీసేది అదే. ధాన్యాలు, ఆకుకూరలలోని ఇనుమును పేగులు పీల్చుకొనగల రూపంలోకి తెచ్చేదీ అదే. కొన్ని రకాల కాల్షియం మాత్రలను కరిగించడం, తిండితో పాటు లోనికి పోయిన క్రిములను చంపడం కూడా దాని పనులే. అందువలన ఆమ్లాన్ని దీర్ఘకాలం అణచిపెట్టినప్పుడు ఈ పనులన్నీ కొంత కుంటుపడతాయి.

ఆమ్లాన్ని గట్టిగా అణచగల మందులు మనకు అందుబాటులోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. జేమ్స్ బ్లాక్ బృందం రూపొందించిన సిమెటిడిన్ 1976లో బ్రిటన్‌లో విడుదలైంది. ఆయనకు 1988లో నోబెల్ బహుమతి లభించింది. 1981లో రానిటిడిన్ వచ్చింది. మన పల్లెలలో ఒక తరం పాటు గ్యాస్ మాత్ర అంటే అదే. అందులో ఎన్‌డీఎంఏ అనే హానికర పదార్థం ఏర్పడుతున్నదని తేలడంతో 2020 ఏప్రిల్‌లో అమెరికా దానిని మార్కెట్టు నుండి తొలగించమన్నది. 2022లో భారత ప్రభుత్వం అత్యవసర మందుల జాతీయ జాబితా నుండి దానిని తప్పించింది. 1988లో స్వీడన్‌లో మొదలైన ఒమెప్రజోల్, దాని తరువాత వచ్చిన పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఇసోమెప్రజోల్ ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. అట్టమీది పేరు చివర "ప్రజోల్" అని ఉంటే సాధారణంగా ఈ జాతి మందే అనుకోవచ్చు. పరగడుపున, తిండికి అరగంట నుండి గంట ముందు వేసుకుంటేనే ఇవి సరిగా పనిచేస్తాయి.

బి12: అరికాళ్ళ మంటల వెనుక కథ

ఈ లోటులన్నింటిలోనూ ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది బి12 విషయంలో. మన కాలేయం ఈ విటమిన్‌ను కొన్నేళ్ళకు సరిపడా నిల్వచేసి పెట్టుకుంటుంది. కనుక లోపం నిదానంగా, చడీచప్పుడు లేకుండా వస్తుంది. గ్యాస్ మాత్ర మొదలుపెట్టిన మూడేళ్ళకో నాలుగేళ్ళకో కాళ్ళలో తిమ్మిర్లు మొదలైతే ఆ రెండింటినీ ముడిపెట్టి చూసేవారు తక్కువ. వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు. అరికాళ్ళలో మంటలు, సూదులు గుచ్చినట్లుండటం, నాలుక నున్నగా ఎర్రబారడం, నడకలో తూలు, మతిమరుపు, పాలిపోవడం బి12 లోపానికి ఆనవాళ్ళు.

అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియాలో బి12 లోపమున్న సుమారు 26 వేలమంది మందుల వివరాలను లోపం లేని లక్షా 84 వేలమందితో పోల్చి చూసిన పరిశోధన 2013 డిసెంబరులో వెలువడింది. రెండేళ్ళు లేక అంతకు మించి "ప్రజోల్" జాతి మందులు వాడినవారిలో ఈ లోపం కనిపించే అవకాశం 65 శాతం ఎక్కువని అందులో తేలింది. రానిటిడిన్ జాతి మందులతో అది 25 శాతం ఎక్కువ. ఇటువంటి పరిశోధన సంబంధాన్ని చూపుతుందే గాని మందే కారణమని రుజువు చేయదు. వాడేవారందరికీ లోపం వస్తుందని కూడా దీని అర్థం కాదు. అయినా మన ఇళ్ళలో కొందరికి ప్రమాదం రెట్టింపవుతుంది. బి12 సహజంగా జంతు సంబంధమైన ఆహారంలోనే దొరుకుతుంది. ఆకుకూరలు, పప్పులు, రాగులు ఎంత తిన్నా అది రాదు. మాంసం, గుడ్డు ముట్టని ఇళ్ళలో పాలు, పెరుగు, మజ్జిగలే దానికి ఆధారం. రోజుకు కావలసినది రెండు మైక్రోగ్రాములకు కాస్త పైన. గ్లాసు పాలలో దొరికేది సుమారు ఒక మైక్రోగ్రాము. పాలన్నీ కేంద్రానికి పోసి ఇంట్లో కాఫీ చుక్కకు మాత్రమే ఉంచుకొనే కుటుంబాలలో పెద్దవాళ్ళ పరిస్థితిని ఊహించుకోవచ్చు. వారికి చక్కెర వ్యాధి ఉండి మెట్‌ఫార్మిన్ కూడా వాడుతుంటే, ఆ మందు సైతం బి12ను తగ్గిస్తుంది. చక్కెర వ్యాధి వలన వచ్చే తిమ్మిర్లూ, బి12 లోపం వలన వచ్చే తిమ్మిర్లూ చూడటానికి ఒకే తీరుగా ఉంటాయి. రక్తపరీక్ష చేయిస్తే తప్ప తేడా తెలియదు.

పరీక్షలో బి12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే తక్కువ ఉంటే లోపమనీ, 200 నుండి 300 నడుమ ఉంటే సందేహాస్పదమనీ సాధారణంగా పరిగణిస్తారు. ఇక్కడ శుభవార్త ఒకటున్నది. ఆహారంలోని బి12ను విడదీయడానికే ఆమ్లం కావాలి. మాత్రలోని బి12 ముందే విడిగా ఉంటుంది గనుక గ్యాస్ మాత్ర వాడుతున్నవారికి కూడా అది ఒంటబడుతుంది. లోపం తీవ్రంగా ఉన్నా, నరాలకు సోకినా మాత్రం సూదిమందు అవసరమవుతుంది. ఎర్రటి సూదిమందు చూడగానే అదేదో రక్తం పట్టించే మందని మన పల్లెలలో అపోహ ఉన్నది. బి12 సహజమైన రంగే ఎరుపు.

బీకాంప్లెక్స్ మాత్రలో బి12 ఉంటుంది కదా అని కొందరు అడగవచ్చు. ఉంటుంది, కాని చాలా రకాలలో అది కొద్ది మోతాదే. లోపాన్ని పూడ్చడానికి చాలదు. మాత్ర వేసుకున్నాక మూత్రం పసుపుపచ్చగా రావడం "మందు పనిచేస్తున్నదనడానికి" గుర్తని చెప్పుకుంటారు. అది ఒంటికి అక్కరలేని బి2 బయటికి పోవడం మాత్రమే. బి6ను ఎక్కువ మోతాదులో నెలల తరబడి తీసుకొంటే దాని వలననే నరాలు దెబ్బతిని తిమ్మిర్లు వస్తాయి. తిమ్మిర్లకని వాడిన మాత్రే తిమ్మిర్లు తెచ్చిపెట్టడమంటే ఇదే.

ఇనుము: మాత్ర కంటే ముందు ప్రశ్న

రక్తహీనత మన ఆడవారిలో ఎంత ఎక్కువో చెప్పనక్కరలేదు. ఛాతీమంట ఉన్నవారిలో రక్తం తగ్గినట్లు కనిపిస్తే ఇనుము మాత్ర వేయడానికి ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ రక్తం ఎటు పోతున్నది? ఆమ్లం తగ్గినందువలన ఇనుము పట్టకపోవచ్చు. జీర్ణాశయంలో పుండు పడి, లేదా అన్నవాహిక ఒరుసుకుపోయి రక్తం కొద్దికొద్దిగా కారుతుండవచ్చు. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుండవచ్చు. పేగులలో కొంకిపురుగులు ఉండవచ్చు. కారణం వెదకకుండా ఆరు నెలలు ఇనుము మాత్రలు మింగుతూ పోతే లోపలి పుండో, అంతకంటే పెద్ద జబ్బో ఆ ఆరు నెలలూ దాగి ఉంటుంది. యాభై దాటిన మగవారిలో, ముట్లుడిగిన ఆడవారిలో రక్తహీనత కనిపిస్తే ఎండోస్కోపీ అవసరమా అని తప్పక వైద్యుని అడగాలి.

ఇనుము మాత్ర వేసుకున్నవారికి మలం నల్లగా వస్తుంది. అది సహజమే. కాని జిగటగా, తారువలె మెరుస్తూ, తీవ్రమైన దుర్వాసనతో వచ్చే నల్ల మలం లోపల రక్తస్రావానికి గుర్తు. ఇనుము వాడుతున్నవారు ఈ రెండింటినీ ఒకటిగా పొరబడి తాత్సారం చేయడం ప్రాణాంతకం.

ఇనుము మాత్రలు పొట్టను రేపుతాయన్నది కూడా నిజమే. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద స్త్రీలకు ఇచ్చే ఎర్రమాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. పరగడుపున వేసుకుంటే ఇనుము బాగా పడుతుంది గాని ఛాతీమంట ఉన్నవారికి వికారం, మంట పెరుగుతాయి. అటువంటివారు తిన్న కొంతసేపటికి వేసుకోవచ్చు. కొంత ఇనుము నష్టమైనా, మంటకు భయపడి మాత్రను గోడమీది డబ్బాలో దాచిపెట్టడం కంటే అది మేలు. టీ, కాఫీలు మాత్రకు గంట ముందూ గంట తరువాతా వద్దు. ఉసిరికాయలో, జామకాయలో ఉండే విటమిన్ సి ఇనుము పట్టడానికి తోడ్పడుతుంది. నిమ్మరసం, నారింజ పడనివారికి జామపండు సాధారణంగా అంత బాధించదు. ఇనుమును రోజు విడిచి రోజు తీసుకొంటే ప్రతి మాత్ర నుండి ఎక్కువ భాగం ఒంటబడుతుందని 2017లో స్విట్జర్లాండ్ పరిశోధకులు చూపారు. ఆ పద్ధతి మీకు కుదురుతుందా అన్నది వైద్యుని అడిగి తెలుసుకోవాలి. గర్భిణులు మాత్రం సొంతంగా మోతాదు మార్చకూడదు.

ఇక్కడే మరొక చిక్కున్నది. ఈ మాత్రలోని ఫోలిక్ ఆమ్లం బి12 లోపం వలన వచ్చిన రక్తహీనతను పైకి బాగుచేస్తుంది. నరాలకు జరిగే హాని మాత్రం లోలోపల సాగిపోతూనే ఉంటుంది. రక్తం పెరిగింది, తిమ్మిర్లు తగ్గలేదు అనేవారు బి12 పరీక్షను ఇక వాయిదా వేయరాదు.

మెగ్నీషియం, కాల్షియం, డి విటమిను

మెగ్నీషియం సంగతి మన పల్లెలలో ఎవరూ మాట్లాడరు. 2011 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీని గురించి హెచ్చరిక జారీ చేసింది. "ప్రజోల్" మందులు ఎక్కువ కాలం, చాలామందిలో ఏడాదికి పైగా వాడినప్పుడు రక్తంలో మెగ్నీషియం పడిపోయిన సందర్భాలు బయటపడ్డాయని దాని సారాంశం. పిక్కలు పట్టుకుపోవడం, చేతులు వణకడం, గుండె దడ, తీవ్రమైతే మూర్ఛ దీని లక్షణాలు. ఇలా జరిగినవారిలో సుమారు నాల్గవ వంతుమందికి మెగ్నీషియం మాత్రలు ఇచ్చినా ఫలితం రాక, గ్యాస్ మాత్ర మానిపించవలసి వచ్చింది. మానిన తరువాత వారం రోజులలోనే మెగ్నీషియం సాధారణ స్థితికి చేరింది. అందరికీ పరీక్ష అవసరం లేదు. రక్తపోటుకు గాని, కాళ్ళవాపుకు గాని మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవారు, గుండెజబ్బుకు డిగాక్సిన్ వాడేవారు, కొంకర్లు తరచుగా వచ్చేవారు మాత్రం చేయించుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మెగ్నీషియం మాత్రలు సొంతంగా వాడరాదు, అది ఒంట్లో పేరుకుంటుంది.

కాల్షియం మాత్రలలో రెండు ప్రధాన రకాలున్నాయి. చవకగా దొరికే కాల్షియం కార్బొనేట్ కరగడానికి ఆమ్లం కావాలి. కాల్షియం సిట్రేట్‌కు అక్కరలేదు. గ్యాస్ మాత్ర వాడేవారు కార్బొనేట్‌ను పరగడుపున వేసుకుంటే చాలా భాగం వృథా అవుతుంది. భోజనంతో పాటు వేసుకుంటే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది. గర్భిణులకు ప్రభుత్వం తరఫున ఇచ్చే కాల్షియం, ఇనుము మాత్రలను ఒకేసారి కలిపి మింగేస్తుంటారు. పని ఒక్కసారితో తీరుతుందన్న తొందర. కాల్షియం ఇనుమును అడ్డుకుంటుంది. రెండింటి నడుమ కనీసం రెండు గంటల వ్యవధి ఉండాలి. థైరాయిడ్ మాత్ర వాడేవారు దానికీ, ఈ కాల్షియం, ఇనుము, గ్యాస్ సిరప్పులకూ మధ్య నాలుగు గంటలు పాటించాలి.

ఎముకలు విరుగుతాయన్న భయంతో కొందరు గ్యాస్ మాత్రలు హఠాత్తుగా మానుతున్నారు. 2010లో అటువంటి హెచ్చరిక వచ్చిన మాట నిజమే. అయితే 17 వేల 5 వందలకు పైగా రోగులకు సుమారు మూడేళ్ళపాటు పాంటోప్రజోల్ లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చిన పెద్ద పరిశోధన 2019లో వెలువడింది. పేగుల ఇన్ఫెక్షన్లు కాస్త పెరగడం మినహా ఎముకలు విరగడంలో చెప్పుకోదగిన తేడా అందులో కనిపించలేదు. కనుక గ్యాస్ మాత్ర వాడుతున్నామన్న ఒక్క కారణంతో కాల్షియం మాత్రలు మొదలుపెట్టనక్కరలేదు.

డి విటమిను 60,000 యూనిట్ల పొడిని, గుళికను వారానికొకటి చొప్పున వైద్యుడు రాసిన ఎనిమిది వారాల తరువాత కూడా కొందరు కొనసాగిస్తుంటారు. అది కొవ్వులో నిల్వ ఉండే విటమిను. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి మలబద్ధకం, వాంతులు, మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడతాయి. తాంబూలంలో సున్నం ఎక్కువగా వాడేవారిలో కూడా కాల్షియం అతిగా పెరిగిన సందర్భాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. కాల్షియం మాత్ర, డి విటమిను, సున్నం మూడూ కలిసిన పెద్దవారు జాగ్రత్తపడాలి. తాంబూలంలోని పొగాకు ఎలాగూ మంటకు ఆజ్యమే.

మంటను పెంచే మాత్రలు

విటమిన్ సి బిళ్ళ, ఇనుము, పొటాషియం క్లోరైడ్, ఎముకల కోసం వారానికొకటి ఇచ్చే అలెండ్రోనేట్, డాక్సిసైక్లిన్ వంటివి అన్నవాహికలో అతుక్కుపోతే అక్కడే పుండు చేస్తాయి. మంచం మీద పడుకుని గుక్కెడు నీళ్ళతో మాత్ర మింగి అటు తిరిగి నిద్రపోవడం ఇందుకు ముఖ్య కారణం. ఏ మాత్రనైనా కూర్చుని, నిండు గ్లాసు నీళ్ళతో మింగి, అరగంట వరకు నడుము వాల్చకుండా ఉండాలి. చేపనూనె గుళికలు త్రేన్పులను పెంచుతాయి.

సీసాలలో దొరికే తెల్లటి గ్యాస్ సిరప్పులు కూడా ఖనిజ లవణాలే. వాటిలో ఉండే అల్యూమినియం హైడ్రాక్సైడ్ మలబద్ధకాన్ని, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ విరేచనాలను కలిగిస్తాయి. అందుకే రెండింటినీ కలుపుతారు. వంటసోడా, ఫ్రూట్ సాల్ట్ పొడులలో సోడియం అధికం. చెంచాడు వంటసోడాలో సుమారు 1,250 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి విధించిన పరిమితి 2,000 మిల్లీగ్రాములే. రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ప్రతి భోజనం తరువాత సోడా తాగడం ఉప్పు మానిన ఫలితాన్ని పోగొట్టుకోవడమే.

విటమిన్లతోనే ఛాతీమంట నయమవుతుందన్న ప్రచారానికి తరచుగా చూపే ఆధారం 2006లో బ్రెజిల్‌లో 351 మందిపై జరిగిన పరిశీలన. మెలటోనిన్, ట్రిప్టోఫాన్, మెథియోనిన్, బీటైన్, బి6, బి12, ఫోలిక్ ఆమ్లం కలిపిన మిశ్రమాన్ని ఒక వర్గానికి, ఒమెప్రజోల్‌ను మరొక వర్గానికి ఇచ్చారు. 40 రోజుల తరువాత మిశ్రమం వాడినవారందరికీ, ఒమెప్రజోల్ వాడినవారిలో సుమారు 66 శాతానికీ లక్షణాలు తగ్గాయని ప్రకటించారు. నూటికి నూరుమందికి నయమైందన్న మాట వినగానే ఏ వైద్యుడైనా అనుమానించవలసిందే. అందులో విటమిన్ల పాత్ర ఎంతో, నిద్రను ప్రభావితం చేసే మెలటోనిన్ పాత్ర ఎంతో విడదీసి చూపలేదు. దాని మీద ఆధారపడి మందు మానడం ప్రమాదకరం. అంగట్లో అమ్మే ఇటువంటి డబ్బాల మీద ఆంగ్లంలో "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని అచ్చువేసి ఉంటుంది. ఇది జబ్బుకు మందు కాదని తయారుచేసినవారే ఒప్పుకుంటున్నారన్నమాట.

మన కంచంలో, మన బావిలో

రాగులన్నా, చోళ్ళన్నా, తైదలన్నా ధాన్యం ఒక్కటే. నూరు గ్రాములలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న ధాన్యం మరొకటి లేదు. నువ్వులలో అది వేయికి పైమాటే. రాగిసంకటి, పల్చటి మజ్జిగ చాలామంది ఛాతీమంట రోగులకు పడతాయి. సంకటిలోకి నంజుకునే గోంగూర పచ్చడి, పచ్చిమిరప కారం పడకపోవచ్చు. ఏది పడదో మనిషి మనిషికీ మారుతుంది. కనుక పుస్తకం చూసి అన్నీ మానేసి చప్పిడి తిండితో చిక్కిపోవడం కంటే, రెండు వారాలు ఏమి తిన్నప్పుడు మంట వచ్చిందో క్యాలెండరు మీద గుర్తుపెట్టుకొని దానిని మాత్రమే తగ్గించడం మేలు. మెగ్నీషియం కోసం వేరుసెనగలు, ఆకుకూరలు, చిరుధాన్యాలు చాలు. బి12కు మాత్రం పాలు, పెరుగు, గుడ్డు, చేపలే మార్గం. యానాం, బరంపురం ప్రాంతాలవారికి చేప కొరత లేదు. మెట్ట ప్రాంతాలవారు ఈ విషయంలో వెనుకబడి ఉన్నారు.

నీటి గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారిగా 1937లో నాటి నెల్లూరు జిల్లా దర్శి, పొదిలి ప్రాంతాలలో గుర్తించారు. పావగడ వంటి సరిహద్దు తాలూకాలలోనూ ఆ సమస్య ఉన్నది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీరు పళ్ళను, ఎముకలను మాత్రమే గాక పొట్టను కూడా బాధిస్తుంది. వికారం, కడుపునొప్పి, ఆకలి మందగించడం కనిపిస్తాయి. ఊళ్ళో పదిమందికి ఒకే రకం "గ్యాస్" ఉంటే మాత్ర కంటే ముందు బోరునీటిని పరీక్షకు పంపడం ఉచితం. శుద్ధజల కేంద్రాల నీటిలో ఫ్లోరైడ్‌తో పాటు కాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయి. ఆ నీరు తాగేవారు వాటిని ఆహారంలో భర్తీ చేసుకోవాలి.

మానడం ఎలా, మానకూడనిది ఎవరు

పోషకాల లోటుకు అసలైన విరుగుడు అవసరం లేని గ్యాస్ మాత్రను తగ్గించడం. కాని ఉన్నట్టుండి మానితే అణగి ఉన్న ఆమ్లం ఒక్కసారిగా విజృంభిస్తుంది. ఏ జబ్బూ లేని 120 మందికి డెన్మార్క్‌లో ఇసోమెప్రజోల్ గాని, ఉత్తుత్తి మాత్ర గాని ఇచ్చి చూశారు. ఎనిమిది వారాల తరువాత ఆపినప్పుడు అసలు మందు వాడినవారిలో 44 శాతానికి, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 15 శాతానికి మంట వంటి లక్షణాలు కనిపించాయని 2009లో వెల్లడించారు. "మానితే మళ్ళీ వస్తోంది, కనుక జీవితాంతం వాడాలి" అని చాలామంది అనుకోవడానికి కారణం ఇదే. వైద్యుని సలహాతో మోతాదు సగం చేసి, తరువాత రోజు విడిచి రోజు వాడి, క్రమంగా తగ్గించుకోవచ్చు. ఆ వ్యవధిలో తలవైపు మంచం కోళ్ళ కింద ఆరేడు అంగుళాల ఇటుకలు పెట్టడం, ఎడమవైపు తిరిగి పడుకోవడం, రాత్రి భోజనానికీ నిద్రకూ మధ్య మూడు గంటలు విడవడం, బరువు తగ్గడం ఎంతో సాయపడతాయి. నిద్ర చక్కబడితే పగటి నీరసం సగం తగ్గుతుంది. బలం మాత్ర ఆ పని చేయలేదు.

అన్నవాహికలో తీవ్రమైన పుండ్లున్నవారు, పుండు నుండి గతంలో రక్తం పోయినవారు, గుండెజబ్బుకు ఆస్పిరిన్, రక్తం పలుచన చేసే మందులు వాడుతూ పొట్టకు రక్షణగా గ్యాస్ మాత్ర తీసుకొంటున్నవారు సొంతంగా మానరాదు. మింగుడు పడకపోవడం, బరువు తగ్గిపోవడం, రక్తపు వాంతి, తారువంటి మలం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. చెమటలతో, ఎడమచేతికో దవడకో పాకే ఛాతీనొప్పిని గ్యాస్ అనుకొని మాత్ర వేసుకుని ఎదురుచూడటం ఎందరి ప్రాణాలనో బలిగొన్నది. ఆంధ్ర, తెలంగాణలలోనే గాక కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలోనూ అంబులెన్సు నంబరు 108 ఒక్కటే.

సరిహద్దు దాటి కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో మాట్లాడే వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు వాడుతున్న అన్ని మాత్రల అట్టలను, ఖాళీవాటితో సహా, ఒక సంచిలో వేసుకొని వెళ్ళండి. బలం మాత్రలు, సిరప్పు సీసాలు, నాటుమందు పొట్లాలు కూడా అందులో ఉండాలి. అట్టమీది పేరు ఏ రాష్ట్రంలోనైనా ఒకటే గనుక భాష అడ్డురాదు. గ్యాస్ మాత్ర ఏ సంవత్సరం మొదలుపెట్టారో ఒక కాగితం మీద రాసుకొని వెళితే, బి12, మెగ్నీషియం, హిమోగ్లోబిన్ పరీక్షలలో మీకు ఏది అవసరమో వైద్యుడు తేల్చుకోవడానికి ఆ తేదీ ఎంతో ఉపకరిస్తుంది.